చచ్చిన చట్టాలకు కర్మకాండ

పాత చట్టాలు రద్దయ్యాయన్న వార్త ఎప్పుడొచ్చినా పత్రికలు చేసే పని ఒకటే. జాబితాలోంచి నవ్వు పుట్టించేవి నాలుగు ఏరి ఓ డబ్బా కట్టి వేస్తాయి. ఐర్లండ్ ప్రస్తావన వస్తే మీసం చట్టం ఎలాగూ ఉంటుంది. 1447లో ట్రిమ్ పట్టణంలో కూర్చున్న ఐరిష్ పార్లమెంటు, ఇంగ్లీషువాడిగా చలామణీ కావాలనుకునేవాడు పై పెదవి మీద మీసం ఉంచకూడదనీ, రెండు వారాలకోసారైనా గొరిగించుకోవాలనీ శాసించింది. ఉంచితే వాడు ఐరిష్ శత్రువు కింద లెక్క.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ నవ్వు వెనకాలే ఒక అభిప్రాయం తిష్ఠ వేసుకుంటుంది. ఇలాంటివి కొట్టేయడానికి ఎర్ర సిరా, ఓ మధ్యాహ్నం తీరిక చాలునని, ఎవరూ వాడని చట్టం పోతే ఎవరికీ పోయేదేమీ లేదని. బ్రిటిష్ పార్లమెంటు 1872లో, 1878లో, 1879లో ఐర్లండ్ కోసం చేసిన మూడు ప్రక్షాళన చట్టాలను దగ్గర పెట్టుకుని చూస్తే ఈ అభిప్రాయం నిలవదు. వాటిలో బారెడు పొడుగున్న షెడ్యూళ్లు, అంటే రద్దయ్యే చట్టాల జాబితాలు, చూడటానికి మాత్రమే. అసలు చట్టం ఉన్నది షెడ్యూలుకు ముందు నాలుగు ముక్కల్లో ఇరికించిన సేవింగ్స్ క్లాజులో, అంటే చట్టం పోయినా దాని కింద పుట్టిన హక్కులు పోవని చెప్పే నిబంధనలో. ఆ క్లాజు ఎందుకు అవసరమైందో అర్థమైతే, చచ్చిన చట్టాన్ని సాగనంపడం బతికున్న చట్టాన్ని రాయడం కంటే ఏమాత్రం తేలిక పని కాదని తెలుస్తుంది.

మూడు పొరలు

ఐర్లండ్‌లో "అమల్లో ఉన్న చట్టం ఏది?" అని 1870లలో ఎవరైనా అడిగితే మూడు చోట్ల వెతకాలి.

మొదటిది ఇంగ్లండ్ పాత చట్టాలు. 1494–95లో ద్రోహెడాలో సర్ ఎడ్వర్డ్ పోయినింగ్స్ నడిపిన పార్లమెంటు, ఇంగ్లండ్‌లో "ఈమధ్య" చేసిన, ప్రజాక్షేమానికి సంబంధించిన చట్టాలన్నీ ఐర్లండ్‌కూ వర్తిస్తాయంది. ఈమధ్య అంటే ఎంత వెనక్కి? ఆ తారీఖుకు ముందున్నవన్నీ అని తరవాత న్యాయమూర్తులు తేల్చారు. దాంతో మాగ్నా కార్టా కాలం నుంచి ఉన్న సరుకంతా ఒక్క వాక్యంతో సముద్రం దాటింది. తరవాతి రోజుల్లో ఐర్లండ్ పేరెత్తి ఇంగ్లండ్ చేసిన చట్టాలు, 1782లో యెల్వర్టన్ చట్టం ద్వారా డబ్లిన్ తనంతట తాను స్వీకరించిన ఇంగ్లీషు చట్టాలు దీనికి అదనం.

రెండోది ఐరిష్ పార్లమెంటు సొంతంగా చేసినవి. ముద్రిత సంపుటాలు 1310 నుంచి మొదలై 1800లో ఐర్లండ్‌ను బ్రిటన్‌తో కలిపేసిన విలీన చట్టంతో ముగుస్తాయి. 1786 నుంచి 1801 వరకు డబ్లిన్‌లో అచ్చయిన పూర్తి సంకలనం 20 సంపుటాలు.

మూడోది 1801 తరవాత లండన్ నుంచి వచ్చినవి.

మొదటి పొర కోసం వచ్చింది 1872 చట్టం. హెన్రీ 3 కాలం నుంచి జేమ్స్ 2 కాలం దాకా ఉన్న ఇంగ్లీషు చట్టాల మీద 1863లో ఇంగ్లండ్ చేసుకున్న ప్రక్షాళనను ఇది ఐర్లండ్‌కు తెచ్చింది. రెండో పొర పని పట్టినవి 1878, 1879 చట్టాలు. చివరికి 1885లో విలియం కలినన్ సిద్ధం చేసిన సవరించిన సంకలనం వెలువడింది. 1310–1800 మధ్య చేసినవాటిలో ఇంకా ప్రాణమున్నవన్నీ కలిపి ఒకే ఒక్క సంపుటం. ఇరవై పోయి ఒకటి మిగిలింది. ఈ రద్దులన్నిటి గమ్యమూ ఆ పుస్తకమే. వకీలు ఇరవై బరువైన సంపుటాలు తిరగెయ్యకుండా ఒకదానితో పని కానిచ్చుకోవాలి. ప్రభుత్వం రాజముద్రతో ఆ ఒక్కటి అచ్చెయ్యాలంటే, వదిలేసిన పందొమ్మిదింటి సరుకు నిజంగా చట్టం కాదని ముందు పార్లమెంటు చెప్పాలి. సంపాదకుడు తనంతట తాను ఒక చట్టాన్ని వదిలేస్తే అది అతని అభిప్రాయం మాత్రమే. కోర్టులో దానికి విలువ లేదు.

ఇక్కడ ఒక పిడకల వేట. ఈ మూడింటి పేర్లు కూడా ఒక వరసలో ఉండవు. 1872 చట్టం పేరులో "ఐర్లండ్" అన్న మాట "రివిజన్"కు ముందుంటుంది, తరవాతి రెంటిలో వెనక ఉంటుంది. చట్టాల పట్టికల్లో వెతికేవాళ్లకు ఈ చిన్న తేడా తెలియకపోతే మొదటిది దొరకదు. శుభ్రం చెయ్యడానికి వచ్చిన చట్టం తన పేరులోనే ఓ చిక్కు పెట్టుకుంది.

"లేక" అన్న ఒక్క మాట

ఈ చట్టాలు తామెందుకు వచ్చాయో పీఠికలోనే చెప్పుకుంటాయి. రెండు రకాల చట్టాలను తీసేస్తామంటాయి: అమల్లో లేకుండా పోయినవి, లేక అనవసరమైపోయినవి. నా పేచీ అంతా ఆ "లేక" దగ్గరే.

ప్రక్షాళన చేసేవాళ్లు పని సౌలభ్యం కోసం దీన్ని ఆరు రకాలుగా విడగొట్టుకున్నారు. గడువు తీరినవి. పని అయిపోయినవి. పేరెత్తకుండా సాధారణ మాటలతో రద్దయినవి, అంటే "దీనికి విరుద్ధమైనవన్నీ రద్దు" అని తరవాతి చట్టం ఒక్క మాటలో ఊడ్చేసినవి. తరవాతి చట్టంతో పొసగక పరోక్షంగా రద్దయినవి. అదే విషయం మీద ఇంకాస్త సమగ్రమైన చట్టం వచ్చి పక్కకు నెట్టేసినవి. చివరిగా, కాలం చెల్లినవి.

మొదటి అయిదూ వెతికి తేల్చగలిగిన సంగతులు. 18వ శతాబ్దంలో చాలాకాలం ఐరిష్ పార్లమెంటు రెండేళ్లకోసారి కూర్చునేది, కాబట్టి పన్నుల చట్టాలు రెండేళ్ల గడువుతో వచ్చేవి. గడువు తేదీ చట్టంలోనే ఉంటుంది. పొడిగించారా లేదా అన్నది చూసుకుంటే సరిపోతుంది. ఆరోది అలా కాదు. "కాలం చెల్లింది" అనడానికి ఏ కాగితం చూపిస్తారు? అది ఒకరి తీర్పు.

పైగా ఇంగ్లీషు న్యాయ సంప్రదాయం వాడకపోవడం వల్ల చట్టం చావదంటుంది. వందేళ్లు మూలన పడున్నా, ఎవరైనా దుమ్ము దులిపి కోర్టుకు తెస్తే అది చట్టమే. 1818లో ఇంగ్లండ్‌లో ఆష్‌ఫర్డ్, థార్న్‌టన్ కేసులో ఇదే జరిగింది. హత్య ఆరోపణ ఎదుర్కొంటున్న థార్న్‌టన్, ద్వంద్వయుద్ధంలో తేల్చుకుందాం రమ్మని ఫిర్యాదీకి చేతి తొడుగు విసిరాడు. అందరూ ఎప్పుడో పోయిందనుకున్న హక్కు అది. చీఫ్ జస్టిస్ ఎలెన్‌బరో కాదనలేకపోయాడు. చట్టం అలాగే ఉంది మరి. మరుసటేడు పార్లమెంటు హడావిడిగా దాన్ని రద్దు చేసింది. పక్కనే ఉన్న స్కాట్లండ్‌లో మాత్రం పాత స్కాటిష్ చట్టాలు వాడక లేక చచ్చిపోతాయని కోర్టులే ఒప్పుకున్నాయి.

అంటే ఇంగ్లండ్ కోర్టులు ముందు గుమ్మంలోంచి రానివ్వని సూత్రాన్ని ప్రక్షాళన చట్టం దొడ్డిదారిన లోపలికి తెచ్చింది. "కాలం చెల్లింది" అని న్యాయమూర్తి అనకూడదు. షెడ్యూలు రాసే వకీలు మాత్రం అనొచ్చు, పార్లమెంటు చర్చ లేకుండా తలూపొచ్చు. ఇది తప్పని నేను అనను. కానీ "మేం చట్టాన్ని ఏమీ మార్చడం లేదు, బూజు దులుపుతున్నామంతే" అని చెప్పుకునే వినయం అంత నిజం కాదు. బూజు ఏదో, గూడు ఏదో ఎవరో ఒకరు చూసి చెప్పాలి.

1745 నాటి చట్టం, 1857 నాటి పెళ్లి

చచ్చిందనుకున్నది చావకపోతే ఏమవుతుందో ఐర్లండ్‌కు వేరే ఉదాహరణ అక్కర్లేదు. 1745 నాటి ఐరిష్ చట్టం ఒకటి ఉంది. కేథలిక్‌కూ, గడిచిన పన్నెండు నెలల్లో ప్రొటెస్టెంటుగా ఉన్న లేక చెప్పుకున్న మనిషికీ కేథలిక్ పురోహితుడు చేసిన పెళ్లి చెల్లదని. కేథలిక్కుల మీద ఆంక్షల కాలంలో పుట్టిన చట్టం. 1829 నాటికి కేథలిక్కులు పార్లమెంటులో కూర్చున్నారు. ఆంక్షల చట్టాలు చరిత్ర పుస్తకాల్లోకి వెళ్లిపోయాయని ఎవరైనా అనుకుంటారు.

1857లో మేజర్ విలియం చార్లెస్ యెల్వర్టన్, థెరెసా లాంగ్‌వర్త్ కౌంటీ డౌన్‌లోని కిలోవెన్‌లో కేథలిక్ పురోహితుడి ముందు పెళ్లి చేసుకున్నారు. ఆ మరుసటేడే అతను ఇంకొకామెను పెళ్లాడాడు. థెరెసాకు ఆశ్రయమిచ్చి సరుకులిచ్చిన థెల్వాల్ అనే ఆయన, భార్య ఖర్చులు భర్తే ఇచ్చుకోవాలంటూ 1861లో డబ్లిన్‌లో దావా వేశాడు. మేజర్ జవాబు 1745 నాటి చట్టం: నేను ప్రొటెస్టెంటుని, కాబట్టి ఆ పెళ్లి చెల్లదు. డబ్లిన్ జూరీ ఆమె పక్షాన తీర్పిచ్చింది. కానీ వ్యవహారం అక్కడితో ఆగలేదు. స్కాట్లండ్‌లో వేరే దావా నడిచింది, 1864లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆమె అతని భార్య కాదని తేల్చింది. 1745 నాటి ఆ నిబంధన 1870లో వివాహ చట్టాల సవరణతో పోయింది.

ఇంకో తమాషా. యెల్వర్టన్ చట్టం అని పైన చెప్పానే, దాన్ని తెచ్చిన బారీ యెల్వర్టన్ ఈ మేజర్ పూర్వీకుడే.

ఈ కేసులో గమనించాల్సింది ఆ నిబంధన ఎలా పోయిందన్నది. రాజకీయంగా వాదించి, విధానం మార్చి తీసేశారు. అది ప్రక్షాళన షెడ్యూలు చెయ్యాల్సిన పని కాదు. ఎవరో గుమాస్తా 1860లో "ఆంక్షల చట్టాలు, కాలం చెల్లినవి" అని టిక్కు పెట్టి ఉంటే, థెరెసాకు మేలే జరిగేదేమో. కానీ అప్పుడు ఒక జంట పెళ్లి చెల్లుతుందా లేదా అన్న ప్రశ్నను పార్లమెంటు బదులు ఓ షెడ్యూలు తేల్చినట్టు అవుతుంది. మంచి ఫలితం వచ్చినా అది సరైన దారి కాదనే అంటాను. దీని మీద నాతో విభేదించేవాళ్లున్నారని తెలుసు. బాధితురాలి వైపు నుంచి చూస్తే వాళ్ల మాటకు బలముంది కూడా.

పరీక్ష ఎలా చేస్తారు

ఒక్కో చట్టాన్ని బల్ల మీద పెట్టి చూసే పనిలో ఎక్కడెక్కడ కాలు జారుతుందో చెప్పుకోవాలి. పైకి సులువనిపించేది ఇక్కడే చిక్కుతుంది.

ముందు, ఆ చట్టాన్ని సరిగ్గా పిలవడం. పాత చట్టాలకు ఇప్పటిలా పొట్టి పేర్లు లేవు. రాజు పాలనలో ఎన్నో ఏడు, ఎన్నో అధ్యాయం అన్నదే చిరునామా. అయితే ఇంగ్లండ్ పార్లమెంటుకూ ఐరిష్ పార్లమెంటుకూ ఒకే రాజు. కాబట్టి "హెన్రీ 7, 10వ ఏడు, 4వ అధ్యాయం" అంటే ఏ దేశానిదో చెప్పకపోతే అర్థం లేదు. ఐరిష్‌వాటికి పక్కన ప్రత్యేకంగా గుర్తు పెట్టాల్సిందే. అంతటితో అయిపోదు. చార్లెస్ 1 పదో ఏట ఐరిష్ పార్లమెంటు ఒకటికి మించి సమావేశాలు జరిపింది, ప్రతి సమావేశానికీ 1వ అధ్యాయం మళ్లీ మొదలు. భూమి హక్కులకు పునాదిరాయి లాంటి 1634 నాటి యూజెస్ చట్టం రెండో సమావేశంలో 1వ అధ్యాయం. సమావేశం అంకె మరిచిపోయి "10వ ఏడు, 1వ అధ్యాయం రద్దు" అని రాస్తే ఏది పోయిందో ఎవరికీ తెలియదు. ఈ చట్టాలకు పొట్టి పేర్లు ఉత్తర ఐర్లండ్‌లో 1951లో, రిపబ్లిక్‌లో 1962లో గానీ రాలేదు.

తరవాత, సెక్షన్ల అంకెలు. పాత చట్టం అసలు రాతప్రతి చుట్టలో ఒకే పొడుగాటి పాఠం. సెక్షన్లుగా విడగొట్టి అంకెలు వేసింది ముద్రాపకులు. ముద్రణ మారితే అంకె మారొచ్చు. చట్టంలో కొంత భాగం మాత్రమే తీసెయ్యాలంటే "ఫలానా మాట నుంచి ఫలానా మాట వరకు" అని మాటలతో హద్దులు గీయడమే క్షేమం. మన దస్తావేజుల్లో తూర్పున ఫలానా వారి చేను, పడమర డొంక అని రాసుకున్నట్టు.

తాత్కాలిక చట్టాలు ఇంకో ఊబి. ఏడేళ్ల గడువుతో వచ్చిన చట్టాన్ని తరవాతి చట్టం పొడిగిస్తుంది, దాన్ని ఇంకోటి. పొడిగింపు చట్టాలు కలగూరగంపలు. ఒకే చట్టంలో సంబంధం లేని డజను పాత చట్టాలకు ఊపిరి పోస్తారు. గొలుసులో ఒక్క లింకు చూడకపోయినా బతికున్నదాన్ని పూడ్చినట్టే.

అన్నిటికంటే గడ్డు ప్రశ్న "రద్దయిందా?" అంటే "కొందరికి" అని జవాబొచ్చే చట్టాలు. 1704 నాటి కేథలిక్కుల ఆస్తి చట్టం ఉంది. కేథలిక్ భూస్వామి చనిపోతే భూమి కొడుకులందరికీ సమానంగా పంచాలి, పెద్దకొడుకు ప్రొటెస్టెంటుగా మారితే తప్ప. ఎస్టేట్లను తరతరానికీ ముక్కలు చెయ్యడమే ఉద్దేశం. 1778లో సడలింపు వచ్చింది, కానీ రాజవిధేయత ప్రమాణం చేసినవాళ్లకే. ప్రమాణం చెయ్యనివాడి మాటేమిటి? వాడి విషయంలో పాత చట్టం పుస్తకంలో అలాగే ఉంది. సడలింపు చట్టం వచ్చినంత మాత్రాన మూల చట్టం రద్దయినట్టు కాదు. ఒక్కో సడలింపు ఎక్కడిదాకా పాకిందో కొలవాలి.

సేవింగ్స్: అసలు కథ

ఇంతా చేసి చట్టాన్ని షెడ్యూలుకెక్కించారనుకుందాం. అప్పుడు ఏమవుతుంది?

పాత కామన్ లా, అంటే కోర్టు తీర్పుల్లోంచి పుట్టిన ఇంగ్లీషు న్యాయం, ప్రకారం రద్దయిన చట్టం, అప్పటికే ముగిసిపోయిన వ్యవహారాలు మినహా, అసలెన్నడూ లేనట్టే లెక్క. 1830లో చీఫ్ జస్టిస్ టిండల్ ఈ సూత్రాన్ని స్పష్టంగా చెప్పాడు. ఇప్పుడు పైన చెప్పిన 1704 చట్టాన్నే తీసుకోండి. 1730లో ఒకాయన చనిపోయాడు, నలుగురు కొడుకులు తలా పావు పంచుకున్నారు. వాళ్లలో ఒకడి వాటా చేతులు మారి 1878లో వేరొకరి దగ్గరుంది. ఆయన హక్కు ఎక్కడ మొదలైంది? ఆ దుర్మార్గపు చట్టంలోనే. చట్టం ఎన్నడూ లేదంటే, పెద్దకొడుకు వారసుడు లేచి మొత్తం నాదేనని అనడా? ముగిసిన వ్యవహారం అన్న మినహాయింపు కాపాడుతుందని వాదించొచ్చు. కానీ భూమి హక్కును వాదన మీద వదిలెయ్యడానికి ఎవరు ఒప్పుకుంటారు, అందులోనూ ఐర్లండ్‌లో? 1662, 1665 సెటిల్మెంటు చట్టాల పుణ్యమా అని భూములు చేతులు మారిన దేశం అది. 1879లో మేయో కౌంటీలో భూపోరాటం మొదలైంది, అక్టోబరులో రైతుల సంఘం లాండ్ లీగ్ పుట్టింది. మూడో ప్రక్షాళన చట్టం వచ్చిందీ ఆ ఏడే.

రెండో ప్రమాదం పునర్జన్మ. పాత సూత్రం ప్రకారం ఒక చట్టాన్ని రద్దు చేసిన చట్టాన్ని రద్దు చేస్తే మొదటిది లేచి కూర్చుంటుంది. పాత పుస్తకాల నిండా ఉన్నవి రద్దు చేసే చట్టాలే. వాటి పని అయిపోయింది కదా అని తీసేస్తే, అవి చంపిన దెయ్యాలన్నీ తిరిగి రావా? 1850లో లార్డ్ బ్రూమ్ తెచ్చిన చట్టం ఈ ముప్పును తీర్చింది: స్పష్టంగా చెబితే తప్ప పునర్జన్మ లేదు. ఆ చట్టమే లేకపోతే 1863 గానీ 1878 గానీ సాధ్యమయ్యేవి కావని నా అంచనా.

కానీ హక్కుల సంగతికి 1889 దాకా సాధారణ నియమం లేదు. ఆ ఏడు ఇంటర్‌ప్రెటేషన్ యాక్టు 38వ సెక్షన్ వచ్చేవరకు ప్రతి రద్దు చట్టం తన సేవింగ్స్ తానే మోసుకోవాలి. 1863లో లార్డ్ ఛాన్సలర్ వెస్ట్‌బరీ హయాంలో రాసిన క్లాజు తరవాతివాటికి మాదిరి అయింది. అప్పటికే జరిగినవాటి చెల్లుబాటును ఈ రద్దు ముట్టుకోదు. సంక్రమించిన హక్కును, బాధ్యతను ముట్టుకోదు. రద్దయిన చట్టంలోంచే పుట్టినా సరే, న్యాయ సూత్రాన్ని, కోర్టు పరిధిని, వాడుకను, ఆచారాన్ని ముట్టుకోదు. ఇప్పుడు లేని పదవినో పన్నునో తిరిగి లేపదు.

ఆ క్లాజును ఒకటికి రెండుసార్లు చదివితే వింతగా ఉంటుంది. చట్టం పోతుంది, అది కన్నవన్నీ ఉంటాయి. మరి పోయిందేమిటి? పుస్తకంలో పేజీ. ఇకమీదట దాని కింద కొత్త హక్కు పుట్టదు, అంతే. షెడ్యూలు రాసినవాడు ఎక్కడైనా పొరపాటు పడినా ఆ క్లాజు దిండులా అడ్డం ఉంటుంది. "లేక" మీద నా పేచీకి కూడా కొంతవరకు అదే జవాబు. తీర్పు తప్పయినా దెబ్బ తక్కువ తగిలేలా ముందే చూసుకున్నారు. కొంతవరకే అంటున్నాను. థెరెసా లాంటి వ్యక్తి హక్కు రేపు పుట్టాల్సినదైతే సేవింగ్స్ ఆమెను ఆదుకోదు.

డబ్లిన్ మనిషి, కలకత్తా చట్టం

ఇది మనకు దూరపు కథేమీ కాదు. చట్టం రద్దయినంత మాత్రాన దాని కింద పుట్టిన హక్కులు పోవని చెప్పే జనరల్ క్లాజెస్ యాక్టు 6వ సెక్షన్ మన కోర్టుల్లో రోజూ వినపడేదే. అది 1897 నాటిది, ఇంగ్లండ్ 1889 నాటి 38వ సెక్షన్ పోలికలున్నది. కానీ పునర్జన్మ లేదన్న నియమం, రద్దుకు ముందు జరిగినవాటికి రక్షణ, రెండూ మన 1868 జనరల్ క్లాజెస్ యాక్టులోనే ఉన్నాయి. రెండోదాని విషయంలో కలకత్తా లండన్ కంటే 21 ఏళ్లు ముందు. ఆ కాలంలో శాసన విభాగంలో పనిచేసి 1877లో లా మెంబరు, అంటే వైస్రాయ్ మండలిలో న్యాయ సభ్యుడు, అయిన విట్లీ స్టోక్స్ డబ్లిన్‌వాడు. 1862లో మద్రాసులో దిగాడు. పగలు మన చట్టాలు క్రోడీకరిస్తూ, మిగతా వేళల్లో పాత ఐరిష్ భాష పాఠాలు పరిష్కరించిన పండితుడు.

సేవింగ్స్ లేకపోతే ఏమవుతుందో ఊహించడానికి 2024 జులై 1 చాలు. ఆ రోజు 1860 నాటి శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. జూన్ 30 రాత్రి జరిగిన దొంగతనానికి ఏ చట్టం? పాతదే, ఎందుకంటే 358వ సెక్షన్ అలా చెప్పింది. సేవింగ్స్‌కు పక్కనే ఇంకో మెలిక పెడితే ఏమవుతుందో 1894 భూసేకరణ చట్టం చూపించింది. 2013 చట్టం దాన్ని రద్దు చేస్తూ 114వ సెక్షన్‌లో జనరల్ క్లాజెస్ యాక్టు 6వ సెక్షన్‌ను కాపాడింది, 24వ సెక్షన్‌లో పాత సేకరణలు కొన్ని పరిస్థితుల్లో రద్దవుతాయంది. ఆ రెంటి మధ్య ఇరుక్కున్న వ్యాజ్యాలు తేలడానికి 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూర్చోవాల్సొచ్చింది.

పేర్లు రాయాలా, మిగిలినవాటికే రాయాలా

2007లో ఐర్లండ్ రిపబ్లిక్ పద్ధతి మార్చింది. చచ్చేవాటి జాబితా బదులు బతికేవాటి జాబితా. 1922 డిసెంబరు 6కు ముందు చేసిన పబ్లిక్ జనరల్ చట్టాల్లో 1,364 ఉంచుతున్నాం, మిగతావన్నీ పోయాయి అంది. వకీలుకు ఇంతకంటే హాయి లేదు. జాబితాలో ఉంటే ఉంది, లేకపోతే లేదు.

నాకు మాత్రం 1878 పద్ధతి మీదే మొగ్గు. చచ్చినవాటికి పేరు రాయాలంటే ఎవరో ఒకరు ఆ చట్టాన్ని తెరిచి చదవాలి. "మిగతావన్నీ" అన్న మాటకు చదవక్కర్లేదు. ఎవరూ చూడనిదాన్ని ఎవరూ చూడకుండానే చంపెయ్యొచ్చు. అయితే ఈ వాదనకు రెండు చోట్ల దెబ్బ తగులుతుంది, దాచుకోవడం ఎందుకు. ఒకటి, 2007 చట్టం అంత నిర్లక్ష్యంగా లేదు. రద్దయిన 3,225 చట్టాల పేర్లు రెండో షెడ్యూలులో విడిగా రాసింది. "మిగతావన్నీ" అన్నది కంటికి ఆనని వాటి కోసం వేసిన వల. రెండు, 1878 పద్ధతి అంత బాగా పనిచేసి ఉంటే 130 ఏళ్ల తరవాత ఇంకా మూడు వేల పైచిలుకు మిగిలి ఉండేవి కావు. పేరు పేరునా చదివేవాళ్లు అనుమానం వచ్చిన ప్రతిదాన్నీ వదిలేస్తారు. తొందరపడి తప్పు చెయ్యడం కన్నా అది నయమే. కానీ వదిలేసినవి అటక మీదే ఉంటాయి.

ఉంచిన 1,364లో అన్నిటికంటే పాతది 1204 నాటిది, డబ్లిన్ కోట కట్టడానికీ సంతలు పెట్టడానికీ జాన్ రాజు ఇచ్చిన ఆజ్ఞ. 1695 నాటి ఫ్రాడ్స్ చట్టంలో కొంత భాగం ఇంకా పనిలో ఉంది. ఇతరుల అప్పుకు హామీ ఉంటే కాగితం మీద రాసి సంతకం పెట్టాలన్న నియమం దానిదే. భూమి ఒప్పందాల భాగం మాత్రం 2009 చట్టంలోకి మారింది. ఇక 1782 నాటి యెల్వర్టన్ చట్టంలో ఒక మూలన క్యాలెండరు ఉంది. 1752లో బ్రిటన్‌తో పాటు ఐర్లండ్ కూడా కొత్త క్యాలెండరుకు మారింది. కానీ లండన్ చట్టం డబ్లిన్‌కు వర్తిస్తుందా అన్న తగువు అప్పట్లో తేలనిది. మూడు దశాబ్దాల తరవాత ఈ చట్టం వచ్చి తారీఖుకు డబ్లిన్ ఆమోదం ఇచ్చింది. కాలం చెల్లినట్టు కనబడే చట్టం ఏదంటే మొదట వేలు దీని మీదికే పోతుంది.

1922 జూన్ 30న డబ్లిన్ న్యాయస్థానాల భవనం ఫోర్ కోర్ట్స్‌లోని పబ్లిక్ రికార్డ్ ఆఫీసు అంతర్యుద్ధంలో కాలిపోయింది. పార్లమెంటు చుట్టలు దాంతో పోయాయి. అయినా చట్టాలు పోలేదు. అచ్చులో ఉన్నాయి, అమల్లోనూ ఉన్నాయి. కాగితం కాలినా చావనిది, కాగితం పదిలంగా ఉన్నా షెడ్యూలులో ఒక్క వరసతో పోతుంది. స్వతంత్రం వచ్చాక నలభై ఏళ్లకు, 1962లో, డబ్లిన్ తన సొంత ప్రక్షాళన చట్టంలో 1800 నాటి విలీన చట్టాన్ని రద్దు చేసింది. అదే షెడ్యూలులో ఇంగ్లండ్ రాజే ఐర్లండ్ రాజని చెప్పిన 1542 నాటి చట్టం కూడా పోయింది. సరిహద్దు దాటి బెల్‌ఫాస్ట్ వెళితే ఆ 1542 చట్టం ఇవాళ్టికీ అమల్లోనే ఉంది.